కంట్రోల్ కూడా మెరుస్తోందా? ఇమ్యునోఫ్లోరోసెన్స్ స్టెయినింగ్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

జనవరి నుంచి ఏప్రిల్ దాకా తిరుపతిలో ప్రాజెక్టుల కాలం. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గరి ఐసర్... ఎక్కడ చదివే పిల్లలైనా ఇమ్యునోఫ్లోరోసెన్స్ (కణంలోని ప్రోటీన్‌ను మెరిసే యాంటీబాడీతో చూపించే పద్ధతి) స్లైడ్లు, వాటితో పోల్చుకోవడానికి చేసిన కంట్రోల్ స్లైడ్లు ఉన్న పెట్టె పట్టుకుని వచ్చి నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, కంట్రోల్ కూడా మెరుస్తోంది. ఇప్పుడేం చేయాలి?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే సరిపోతుంది కదా?"

సరిపోదు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఫొటో నల్లబడుతుంది కానీ స్లైడ్ మీద మెరుపు అలాగే ఉంటుంది. ఫొటోలో దాన్ని దాచేస్తే, మీ అసలు శాంపిల్‌లో కనిపించే మెరుపులో ఎంత నిజమో మీకే తెలియకుండా పోతుంది.

కంట్రోల్ మెరిసిందంటే ప్రయోగం పాడైపోయినట్టు కాదు. ఏ కంట్రోల్ మెరిసింది, కణంలో ఎక్కడ మెరిసింది అన్నది చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. దాన్ని వరసగా చదవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. గాజు కవర్‌స్లిప్ మీద పెంచిన కణాలకు, ముందు ప్రైమరీ (మీ ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ), తర్వాత ఫ్లోరోసెంట్ సెకండరీ (ఆ ప్రైమరీని పట్టుకుని మెరిసే యాంటీబాడీ) వేసే పద్ధతికి ఇది వర్తిస్తుంది. టిష్యూ సెక్షన్లకు అదనంగా ఏం కావాలో అక్కడక్కడ చెబుతాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 12 మిల్లీమీటర్ల గుండ్రటి కవర్‌స్లిప్‌ల మీద కణాలు. కనీసం ఆరు, వీలైతే ఎనిమిది. అన్నీ ఒకే రోజు వేసినవి, ఒకే రకం కణాలైతే ఒకే ఫ్లాస్కు నుంచి.
- కణాలను ఉన్నవున్నట్టు బిగించడానికి (ఫిక్సింగ్) 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, పీహెచ్ 7.4. అప్పుడే చేసిందైనా, మైనస్ 20లో దాచి ఒక్కసారే కరిగించిందైనా పర్వాలేదు. దీని ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గ్లవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయండి. వాడేసింది సింకులో పోయకండి.
- పీబీఎస్ (కడగడానికి వాడే ఉప్పు బఫర్), ట్రైటాన్ ఎక్స్-100 (కణం పొరకు రంధ్రాలు చేసే డిటర్జెంట్), బీఎస్‌ఏ, సెకండరీ ఏ జంతువులో తయారైందో ఆ జంతువు మామూలు సీరమ్.
- ప్రైమరీ, సెకండరీ, ఐసోటైప్ కంట్రోల్ యాంటీబాడీ (ప్రైమరీ రకమే, కానీ మీ ప్రోటీన్‌ను పట్టనిది). మూడింటి డేటాషీట్లు కూడా. గాఢత ఎంతో ఆ షీట్లలోనే ఉంటుంది, అది లేకుండా ఐదో మెట్టు చేయలేరు.
- డాపి (న్యూక్లియస్‌కు అంటే నీలి రంగు), మౌంటింగ్ మీడియా, రంగులేని నెయిల్ పాలిష్. గాంధీ రోడ్డులో ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది. రంగున్నది మాత్రం వద్దు, దానికదే మెరుస్తుంది.
- మూత గట్టిగా పట్టే డబ్బా, అందులో పరచడానికి తడి టిష్యూ పేపర్, పారాఫిల్మ్, చుట్టడానికి అల్యూమినియం ఫాయిల్.

1. కణాలు వేసే రోజే కవర్‌స్లిప్‌లు పంచుకోండి

స్టెయినింగ్ రోజు పొద్దున "మిగిలినదాన్ని కంట్రోల్‌గా పెట్టుకుందాం" అనుకుంటే, కణాలు సరిగ్గా అతుక్కోని కవర్‌స్లిప్ కంట్రోల్ అయి కూర్చుంటుంది. ముందే నంబర్లు వేసి ఇలా రాసుకోండి:

ఒకటి: ఏ యాంటీబాడీ లేదు, డాపి కూడా లేదు. కణాలకు సొంతంగా ఎంత మెరుపు ఉందో ఇది చెబుతుంది.
రెండు: సెకండరీ మాత్రమే. సెకండరీ తనంతట తాను ఎక్కడైనా అంటుకుంటోందా?
మూడు: ఐసోటైప్, దాని మీద సెకండరీ. ప్రైమరీ లాంటి యాంటీబాడీ ఏదైనా ఈ కణాలకు ఊరికే అంటుకుంటుందా?
నాలుగు: మీ ప్రోటీన్ తప్పకుండా ఉన్న కణాలు, పూర్తి స్టెయిన్.
ఐదు: మీ ప్రోటీన్ లేని కణాలు, పూర్తి స్టెయిన్.
ఆరు: మీ అసలు శాంపిల్.

ఒకటో నంబరుకు కూడా ఫిక్సింగ్, ట్రైటాన్, బ్లాకింగ్ (యాంటీబాడీ ఊరికే అంటుకునే చోట్లను ముందే కప్పేయడం), కడగడాలు అన్నీ మిగతావాటితో సమానంగా జరగాలి. యాంటీబాడీ వేయాల్సిన చోట ఖాళీ బఫర్ వేయండి. ఫిక్స్ చేసి పక్కన పడేసిన కవర్‌స్లిప్ దేనికీ కంట్రోల్ కాదు.

కవర్‌స్లిప్‌లు ఐదే ఉంటే? ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఆరు ఉంచుకోండి. మూడో నంబరు వదులుకోవచ్చు, ఐదోది వదులుకోకండి. కారణం ఆరో మెట్టులో చెబుతాను.

2. స్టెయినింగ్ అన్నిటికీ ఒకేలా

పారాఫార్మాల్డిహైడ్‌లో 10 నుంచి 15 నిమిషాలు. పీబీఎస్‌తో మూడుసార్లు కడగండి. మిగిలిన ఆల్డిహైడ్‌ను తొలగించడానికి 100 మిల్లీమోలార్ గ్లైసిన్‌లో 10 నిమిషాలు ఉంచండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, కానీ ఖర్చు లేని మేలు ఇది. 0.1 నుంచి 0.2 శాతం ట్రైటాన్‌లో 10 నిమిషాలు. తర్వాత 5 శాతం సీరమ్, 1 శాతం బీఎస్‌ఏ కలిపిన పీబీఎస్‌లో గంటసేపు బ్లాకింగ్.

ప్రైమరీ 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. పారాఫిల్మ్ మీద 40 మైక్రోలీటర్ల చుక్క పెట్టి, దాని మీద కవర్‌స్లిప్‌ను కణాల వైపు కిందకి వచ్చేలా బోర్లించండి. ఖరీదైన యాంటీబాడీ ఇలా చాలా మిగులుతుంది. మర్నాడు మూడుసార్లు, ఒక్కోసారి ఐదేసి నిమిషాలు కడిగి, సెకండరీ గంటసేపు చీకట్లో. మళ్లీ అలాగే కడిగి, డాపి ఐదు నిమిషాలు, మౌంటింగ్.

ప్రత్యామ్నాయం: పారాఫార్మాల్డిహైడ్, ట్రైటాన్ రెండింటి బదులు మైనస్ 20 డిగ్రీల మెథనాల్‌లో 10 నిమిషాలు ఉంచితే ఫిక్సింగ్, పొరకు రంధ్రాలు చేయడం రెండూ అయిపోతాయి. కొన్ని యాంటీబాడీలు దానితోనే బాగా పనిచేస్తాయి. కానీ మెథనాల్ వాడాక ఫల్లాయిడిన్ (యాక్టిన్ పోగులకు అంటే రంగు) సరిగా అంటదు, జీఎఫ్‌పీ మెరుపు కూడా పోతుంది. ట్రైటాన్ బదులు సపోనిన్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: అది చేసిన రంధ్రాలు మళ్లీ మూసుకుపోతాయి. అందుకని యాంటీబాడీ బఫర్లలోనూ, కడిగే బఫర్‌లోనూ సపోనిన్ ఉండాలి.

3. మైక్రోస్కోపు దగ్గర: సెట్టింగులు ఒక్కసారే

ముందు ఆటో-ఎక్స్‌పోజర్ ఆపేయండి. నాలుగో నంబరు స్లైడ్ పెట్టి, అందులో అన్నిటికంటే బాగా మెరిసే చోటు వెతకండి. అక్కడ ఒక్క పిక్సెల్ కూడా పూర్తిగా తెల్లబడకుండా ఎక్స్‌పోజర్ కానీ గెయిన్ కానీ పెట్టుకోండి. 8 బిట్ బొమ్మలో 255, 12 బిట్‌లో 4095 దాకా వెళ్లిన పిక్సెల్‌లో ఇక సమాచారం ఉండదు. ఆరో నంబరులో మెరుపు ఇంకా ఎక్కువుంటే సెట్టింగ్ దాని మీద చేసుకోండి. ఆ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుని, మిగతా స్లైడ్లన్నిటికీ అవే వాడండి. ప్రతి రంగుకూ ఇదే పద్ధతి.

ఫొటోలు తీసే వరస కూడా ముఖ్యమే. ఫార్-రెడ్ ముందు, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, చివర్న డాపి. డాపి కోసం అల్ట్రావయొలెట్ వెలుగు ఎక్కువసేపు పడితే ఆ రంగే మారిపోయి ఆకుపచ్చ ఛానెల్‌లో మెరవడం మొదలుపెడుతుంది. ఫోకస్ వెతకడానికి డాపి వెలుగులో పది నిమిషాలు తిరిగి, ఆ తర్వాత ఆకుపచ్చ ఫొటో తీస్తే న్యూక్లియస్‌లో లేని ప్రోటీన్ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

అలెక్సా 647 అనే ఫార్-రెడ్ రంగు వాడినవాళ్లు ఐపీస్‌లోంచి చూసి "ఏమీ రాలేదు మేడమ్" అంటారు. ఆ వెలుగు మన కంటికి దాదాపు ఆనదు. కెమెరాలోనే చూడాలి. ఈ ఒక్క కారణంతో మంచి స్లైడ్లు చెత్తబుట్టలో వేసినవాళ్లను చూశాను.

ఇప్పుడు కంట్రోళ్లు ఒకటో నంబరు నుంచి వరసగా చూడండి. వరస తప్పకండి. ఒకటో నంబరు చూడకుండా రెండోది చూస్తే, కణాల సొంత మెరుపును సెకండరీ మీదకు నెట్టేస్తారు.

4. ఒకటి, రెండు నంబర్లు: ఇక్కడే ఎక్కువ మంది ఇరుక్కుంటారు

ఒకటో నంబరే మెరుస్తుంటే అది ఆటోఫ్లోరోసెన్స్. యాంటీబాడీని ఎంత మార్చినా పోదు. కణాల్లోని ఫ్లేవిన్‌లు, ముదిరిన కణాల్లోని లిపోఫ్యూసిన్, ఆల్డిహైడ్ మిగులు, కడగకుండా మిగిలిన మీడియాలోని ఫినాల్ రెడ్ దీనికి మామూలు కారణాలు. ఫిక్సింగ్ సమయం తగ్గించి చూడండి, గ్లైసిన్ మెట్టు వదలకండి. గ్లూటరాల్డిహైడ్ వాడి ఉంటే సోడియం బోరోహైడ్రైడ్ కావాలి. టిష్యూ సెక్షన్లో లిపోఫ్యూసిన్ అయితే 70 శాతం ఇథనాల్‌లో 0.1 శాతం సూడాన్ బ్లాక్ బి బాగా అణచిపెడుతుంది. అన్నిటికంటే తేలిక దారి ఏమిటంటే, ఈ మెరుపు ఎక్కువగా ఆకుపచ్చలో ఉంటుంది కాబట్టి మీ సెకండరీని ఫార్-రెడ్‌కు మార్చుకోవడం.

ఒకటి నల్లగా, రెండు మెరుస్తూ ఉంటే తప్పు సెకండరీ వైపుంది. ఇప్పుడు మెరుపు ఎక్కడుందో తీరిగ్గా చూడండి. హడావిడిగా అన్నీ మార్చేయకండి.

*కణాలు లేని గాజు మీద కూడా పొగమంచులా ఉందా?* సెకండరీ ఎక్కువైంది, లేదా కడగడం చాలలేదు. 1:500 వాడుతుంటే 1:1000, 1:2000 పక్కపక్కన పెట్టి చూడండి. కడిగే పీబీఎస్‌లో 0.05 శాతం ట్వీన్-20 కలపండి. కవర్‌స్లిప్‌కు పాలీలైసిన్ లాంటి పూత ఉంటే ఆ పూతే యాంటీబాడీని పట్టుకుని ఉండొచ్చు. కణాలు లేని పూత కవర్‌స్లిప్ ఒకటి స్టెయిన్ చేస్తే తేలిపోతుంది.

*కణాలతో సంబంధం లేకుండా చుక్కలు చుక్కలుగా, కొన్ని ఫోకస్‌కు పైన తేలుతున్నాయా?* సెకండరీ గడ్డకట్టింది. వాడే ముందు ట్యూబును 4 డిగ్రీల దగ్గర, 10,000 జీ వేగంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగు కదపకుండా పైన ఉన్నదే తీసుకోండి. ఫ్రీజర్లో పెట్టి మళ్లీ మళ్లీ కరిగించిన సెకండరీలో ఇది ఎక్కువ.

*కవర్‌స్లిప్ అంచుల్లోనే మెరుపు, మధ్యలో శుభ్రమా?* ఎండిపోయింది. ఇది మన ఊరి జబ్బు. ఒక ఏడాది మే నెలలో ఒకమ్మాయి వరసగా మూడు వారాలు ఈ అంచు మెరుపుతోనే వచ్చింది. బ్లాకింగ్ మార్చింది, సీరమ్ మార్చింది, కొత్త సెకండరీ కూడా తెప్పించింది. చివరికి "నీ డబ్బా తీసుకురామ్మా, చూద్దాం" అన్నాను. ఫాయిల్ విప్పి మూత తీస్తే లోపల టిష్యూ పేపర్ పెళుసుగా ఉంది. పారాఫిల్మ్ మీద చుక్క అంచులు లోపలికి ముడుచుకుని, కవర్‌స్లిప్ చుట్టూ ఉప్పు తెల్లటి గీతలా పేరుకుంది. డబ్బా మూతకు ఒక మూల సన్నటి పగులు. యాంటీబాడీలన్నీ బాగానే ఉన్నాయి. ఆ పగులులోంచే తడంతా పోయింది.

ప్రోటోకాల్‌లో "రూమ్ టెంపరేచర్" అని ఉంటే అది 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో బయట ఎండ 40 దాటిన రోజు, ఏసీ లేని మన ల్యాబ్ గది ఆ లెక్కలోకి రాదు. గంటసేపు పెట్టే సెకండరీని ఏసీ గదిలోకి తీసుకెళ్లండి. టిష్యూ పేపర్‌ను నీళ్లు కారేలా తడపండి. కడగడానికి కవర్‌స్లిప్ ఎత్తిన ప్రతిసారీ తర్వాతి బఫర్ ముందే పోసి సిద్ధంగా ఉండాలి. ఫోర్సెప్స్‌తో గాల్లో పట్టుకుని పిపెట్ వెతుక్కునే అర నిమిషం చాలు, అంచులు ఎండడానికి.

*న్యూక్లియస్‌లో మాత్రమే ఉందా?* డాపి లేకుండా రెండో నంబరు మరొకటి చేయండి. మెరుపు పోతే అది డాపి ఆకుపచ్చలోకి కారడం. పోకపోతే ఆ కణాల ఆకారం చూడండి. ముడుచుకుపోయి, డాపిలో గట్టిగా మెరిసే చిన్న న్యూక్లియస్ ఉంటే అది చచ్చిన కణం. చచ్చిన కణం ఏ యాంటీబాడీనైనా పట్టుకుంటుంది. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

*కణాలన్నిటిలో, సైటోప్లాజమ్ అంతటా ఉందా?* జంతువుల లెక్క సరిచూసుకోండి. నా సొంత అనుభవం చెబుతాను. నేను రీసెర్చ్‌లో చేరిన కొత్తలో ప్రైమరీ మేకది. బ్లాకింగ్‌కు ల్యాబ్‌లో అందరూ వాడే మేక సీరమ్ నేనూ పోశాను. సెకండరీ మేక యాంటీబాడీని పట్టుకునేది. అది పోయి బ్లాకింగ్ సీరమ్‌లోని మేక ఇమ్యునోగ్లోబులిన్‌ను కూడా పట్టుకుంది. కవర్‌స్లిప్ అంతా పచ్చగా వెలిగిపోయింది, నాలుగు నెలలు పోయాయి. సూత్రం ఒకటే: బ్లాకింగ్ సీరమ్ సెకండరీ పుట్టిన జంతువుది కావాలి, ప్రైమరీ పుట్టిన జంతువుది కాకూడదు. మేక ప్రైమరీ అయితే గాడిదలో తయారైన సెకండరీ, గాడిద సీరమ్ వాడాలి. ఇంకో చిక్కు ఉంది: మేక యాంటీబాడీని పట్టే సెకండరీలు ఆవు, గొర్రె ఇమ్యునోగ్లోబులిన్‌లను కూడా పట్టుకోగలవు. మామూలు రకం బీఎస్‌ఏలో, పాలపొడిలో అవి కొంత ఉంటాయి. కాబట్టి మేక ప్రైమరీ ఉన్నప్పుడు పాలపొడి మానేయండి, ఇమ్యునోగ్లోబులిన్ లేని బీఎస్‌ఏ తీసుకోండి.

ఎలుక (మౌస్) టిష్యూ మీద ఎలుక ప్రైమరీ వాడేవాళ్లకు కూడా ఇదే బాధ వస్తుంది. సెకండరీ టిష్యూలోని సొంత యాంటీబాడీలను పట్టుకుంటుంది. వీలైతే కుందేలు ప్రైమరీకి మారండి. వీలుకాకపోతే ఎలుక మీద ఎలుక బ్లాకింగ్ కిట్లు, ఫ్యాబ్ ముక్కలు (యాంటీబాడీలో పట్టుకునే చేతి భాగం) దొరుకుతాయి.

5. ఐసోటైప్: డైల్యూషన్ కాదు, గాఢత సమానం చేయండి

ఇది నేను అందరికీ కాగితం మీద లెక్క వేసి చూపించే చోటు.

మీ ప్రైమరీ డేటాషీట్‌లో 0.2 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరుకు అని ఉంది. మీరు 1:100 వాడుతున్నారు. అంటే కణాల మీద ఉన్నది మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు. ఐసోటైప్ సీసా మీద 1 మిల్లీగ్రాము అని ఉంది. దాన్ని కూడా 1:100 వేస్తే 10 మైక్రోగ్రాములవుతుంది, అంటే ప్రైమరీకి ఐదు రెట్లు. కంట్రోల్ మెరవక ఏం చేస్తుంది? ఇక్కడ కావాల్సింది 1:500.

200 మైక్రోలీటర్లు కలపాలంటే 1:500కు 0.4 మైక్రోలీటర్ తీయాలి. పిపెట్‌తో అంత చిన్న పరిమాణం నమ్మకంగా రాదు. అందుకని ముందు 1 మైక్రోలీటరును 9 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపి, అందులోంచి 4 మైక్రోలీటర్లు తీసి 196లో కలపండి. లెక్క సరిగ్గా 2 మైక్రోగ్రాములకు వస్తుంది.

ఐసోటైప్ ఎంచుకునేటప్పుడు జంతువు, తరగతి రెండూ కలవాలి. ప్రైమరీ ఎలుక ఐజీజీ2ఏ అయితే కంట్రోల్ కూడా ఐజీజీ2ఏనే, ఐజీజీ1 కాదు. కుందేలు పాలీక్లోనల్ (పలు యాంటీబాడీల మిశ్రమం) అయితే మామూలు కుందేలు ఐజీజీ. శుద్ధి చేయని యాంటీసీరమ్ అయితే గాఢత తెలియదు కాబట్టి, అదే జంతువు నుంచి ఇమ్యునైజ్ చేయకముందు తీసిన సీరమ్‌ను అదే డైల్యూషన్‌లో వాడండి. డైల్యూషన్ సమానం చేయాల్సింది ఈ ఒక్క సందర్భంలోనే.

గాఢత సరిచేశాక కూడా రెండో నంబరు శుభ్రంగా, మూడో నంబరు మెరుస్తూ ఉంటే, అవి మాక్రోఫేజ్‌లు, మోనోసైట్లు, బి కణాల లాంటివేనా చూడండి. వీటి మీది ఎఫ్‌సీ రిసెప్టర్లు యాంటీబాడీని తోక వైపు పట్టుకుంటాయి, ప్రోటీన్‌తో పనిలేకుండా. ఎలుక కణాలకు సీడీ16, సీడీ32లను మూసే యాంటీబాడీతో, మనిషి కణాలకు మనిషి ఐజీజీతో ముందుగా బ్లాక్ చేయండి. మనిషి ఐజీజీ వాడేటప్పుడు మీ సెకండరీ మనిషి ఐజీజీని పట్టుకోని రకం అయి ఉండాలి.

6. అసలు పరీక్ష నాలుగు, ఐదు నంబర్లలో ఉంది

ఐసోటైప్ నల్లగా వచ్చిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అది చెప్పేది చాలా తక్కువ. వేరే యాంటీబాడీ ఒకటి ఈ కణాలకు అంటుకోలేదు, అంతే. మీ ప్రైమరీ మీ ప్రోటీన్‌నే పట్టుకుంటోందని అది ఎక్కడా చెప్పలేదు. పక్కనున్న వేరే ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకునే ప్రైమరీ కూడా ఒకటి, రెండు, మూడు నంబర్లన్నీ చక్కగా దాటేస్తుంది. ఆ ప్రోటీన్ లేని కణాలు మాత్రమే దాన్ని పట్టిస్తాయి. అందుకే ఐదో నంబరు వదలొద్దన్నాను. 2016లో యాంటీబాడీల పరీక్షకు అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించిన ఐదు మార్గాల్లో జన్యువును తీసేసి లేదా అణచి చూడడం ఒకటి.

నాకౌట్ కణాలు (ఆ జన్యువును తీసేసినవి) దొరికితే అంతకంటే మంచిది లేదు. లేకపోతే ఎస్ఐఆర్ఎన్ఏతో (జన్యువును అణచే చిన్న ఆర్ఎన్ఏ) అణచండి, ప్రోటీన్ ఎంత తగ్గిందో వెస్టర్న్ బ్లాట్‌లో చూసుకోండి. అదీ కుదరకపోతే ఆ ప్రోటీన్ లేదని తెలిసిన కణజాతి ఒకటి తెచ్చుకోండి. ఇంకో మంచి దారి: ట్యాగ్ వేసిన మీ ప్రోటీన్‌ను కొన్ని కణాల్లోకి ట్రాన్స్‌ఫెక్ట్ చేయండి. అది చేరిన కణం, చేరని కణం ఒకే కవర్‌స్లిప్ మీద, ఒకే ఫొటోలో పక్కపక్కన ఉంటాయి. కడగడం, ఎండడం, ఎక్స్‌పోజర్ అన్న తేడాలేవీ అడ్డురావు. ట్యాగ్ మెరిసిన కణంలోనే మీ యాంటీబాడీ కూడా ఎక్కువ మెరవాలి.

పెప్టైడ్‌తో యాంటీబాడీని ముందే నింపేసి చూసే పరీక్ష కూడా చేస్తారు. మెరుపు పోతే, యాంటీబాడీ తన చేతులతోనే పట్టుకుంటోందని అర్థం. పట్టుకున్నది మీ ప్రోటీనా, అలాంటి ముక్క ఉన్న వేరొకటా అన్నది అది చెప్పదు.

నాలుగో నంబరే మెరవకపోతే మిగతా కంట్రోళ్ల నలుపుకు విలువ లేదు. కుందేలు ప్రైమరీకి ఎలుక యాంటీబాడీని పట్టే సెకండరీ వేశారేమో చూడండి, ఇదే ఎక్కువ. తర్వాత ఫిల్టర్. తర్వాత సెకండరీలో రంగు బతికుందా అని: డైల్యూట్ చేసిన సెకండరీ ఒక చుక్క స్లైడ్ మీద ఆరబెట్టి చూడండి, మెరవాలి. నైట్రోసెల్యులోజ్ ముక్క మీద ప్రైమరీ చుక్క ఆరబెట్టి, బ్లాక్ చేసి, సెకండరీ వేసి కడిగితే ఆ జంట కలుస్తోందో లేదో తెలుస్తుంది. ఇవన్నీ బాగుంటే ఫిక్సింగ్ మార్చండి. వెస్టర్న్‌లో బాగా పనిచేసిన యాంటీబాడీ కణంలో పనిచేయకపోవడం మామూలే. అక్కడ ప్రోటీన్ విప్పుకుని ఉంటుంది, ఇక్కడ ముడుచుకుని ఉంటుంది.

7. రెండు రంగులు వాడితే

ప్రతి రంగూ విడిగా ఒక్కటే వేసిన కవర్‌స్లిప్ ఒక్కొక్కటి అదనంగా కావాలి. అలెక్సా 488 మాత్రమే వేసినదాన్ని ఎరుపు ఛానెల్‌లో చూడండి. అక్కడ కణం ఆకారం కనిపిస్తే అది కారడమే, రెండు ప్రోటీన్లు ఒకే చోట ఉండడం కాదు. కాన్ఫోకల్ అయితే రంగులు ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ అయ్యేలా పెట్టండి. ఒక్క ప్రైమరీకి రెండు సెకండరీలూ వేసిన కవర్‌స్లిప్ ఇంకొకటి చేస్తే, సెకండరీలు దారి తప్పుతున్నాయేమో తెలుస్తుంది. రెండు ప్రైమరీలూ ఒకే జంతువువి అయితే మొదలుపెట్టకముందే ఒకటి మార్చుకోండి.

8. కంటితో కాకుండా అంకెతో సరిచూసుకోండి

ఫిజీ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు తెరిచి, బ్రైట్‌నెస్ కిటికీలో ఆటో బటన్ నొక్కకండి. నొక్కితే ప్రతి బొమ్మనూ అది విడిగా సాగదీస్తుంది, నల్లటి కంట్రోల్ కూడా వెలిగిపోతుంది. కనిష్ఠం, గరిష్ఠం అన్నిటికీ ఒకే అంకెలు చేత్తో కొట్టండి. ‘హైలో’ (HiLo) అనే రంగుపట్టీ పెడితే నిండిపోయిన పిక్సెళ్లు వేరే రంగులో బయటపడతాయి.

తర్వాత ఒక్కో కంట్రోల్‌లో కనీసం ముప్పై కణాల చుట్టూ గీత గీసి సగటు మెరుపు కొలవండి. ఏ కణాలు కొలవాలో డాపి బొమ్మ చూసి ఎంచుకోండి. ఒకటో నంబరులో డాపి లేదు కాబట్టి అక్కడ మామూలు వెలుగులో తీసిన బొమ్మ వాడండి. ఆకుపచ్చ చూసి ఎంచుకుంటే చెయ్యి తెలియకుండానే బాగా మెరిసేవాటి మీదకు పోతుంది.

వెలుగు ఆపేసి కూడా ఒక ఫొటో తీయండి. కెమెరా అప్పుడూ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఉదాహరణకు అది 100 అనుకుందాం. ఒకటో నంబరు 140, రెండో నంబరు 180, శాంపిల్ 300 వచ్చాయి. పైపైన చూస్తే శాంపిల్ రెండో నంబరుకు రెండు రెట్లు కూడా లేదు. 100 తీసేస్తే 40, 80, 200. అంటే రెండున్నర రెట్లు. ఆ 200లో కణం సొంత మెరుపు 40, సెకండరీ ఊరికే అంటుకున్నది ఇంకో 40, మిగిలిన 120 మాత్రమే ప్రైమరీ తెచ్చింది. ఐదో నంబరులో ఆ 120 దాదాపు పోవాలి. సగమే తగ్గితే, వెస్టర్న్‌లో ప్రోటీన్ ఎంత తగ్గిందో దానితో పోల్చండి. అక్కడ పది శాతమే మిగిలి, ఇక్కడ సగం మెరుపు మిగిలితే ఆ యాంటీబాడీ ఇంకేదో కూడా పట్టుకుంటోంది. ప్రైమరీని ఇంకా పలచన చేసి ఒకసారి చూడండి, అప్పటికీ అంతే అయితే వేరే యాంటీబాడీ చూసుకోండి.

యాంటీబాడీ చేతికొచ్చిన రోజు

చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పార్సిల్‌ను తెరిచిన వెంటనే ఐస్ ప్యాక్‌ను ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫొటో తీసి, తేదీ రాసి, అప్పుడే సప్లయర్‌కు చెప్పండి. ఆ సీసా పాడైందో లేదో నాలుగో నంబరు లాంటి పాజిటివ్ కవర్‌స్లిప్ ఒకటి తేల్చేస్తుంది. ప్రైమరీని డేటాషీట్ చెప్పినట్టు చిన్న చిన్న ట్యూబుల్లో 10 మైక్రోలీటర్ల చొప్పున పంచండి. ఫ్లోరోసెంట్ సెకండరీ మాత్రం మామూలుగా 4 డిగ్రీల దగ్గర, చీకట్లోనే ఉంచాలి. కరెంటు పోయే రోజుల్లో ఈ ట్యూబులను ఫ్రిజ్ తలుపులో కాకుండా వెనక అరలో, ఐస్ ప్యాక్ పెట్టిన చిన్న థర్మాకోల్ పెట్టెలో ఉంచండి. ఐస్ ప్యాక్ కూడా అదే ఫ్రిజ్ చల్లదనానికి వచ్చినదై ఉండాలి. ఫ్రీజర్లోంచి నేరుగా తీసి పెడితే దాన్ని ఆనుకున్న ట్యూబు గడ్డకడుతుంది. ప్రతి ట్యూబు మీదా లాట్ నంబరు రాయండి. పాలీక్లోనల్‌లో లాట్ మారితే ఒక్కోసారి యాంటీబాడీ స్వభావమే మారుతుంది. కొత్త లాట్ తెరిచిన రోజు పాత లాట్‌ను పక్కన పెట్టి, నాలుగు, ఐదు నంబర్లు రెండింటితోనూ ఒకసారి చేయండి.